నిఘంటువులో తప్ప ఎవరి నోటా లేని ‘అప్రిసిటీ’ని ఇంగ్లీషు మాట అనవచ్చా?

బల్లరాత:
ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. రోజుకొక పాత మాటను బోర్డు మీద రాసి పిల్లల చేత పలికిస్తాను. మొన్న ‘అప్రిసిటీ’ అని రాసి, 1623లో హెన్రీ కాకెరమ్ తన నిఘంటువులో ఇచ్చిన అర్థాన్నే, అంటే చలికాలపు ఎండలోని వెచ్చదనం అని చెప్పాను. ఎవరూ వాడని దానిని మాటగా నేర్పడం తప్పని తోటి ఉపాధ్యాయుడొకరు పిల్లల ముందే అన్నారు. అర్థంతో సహా అచ్చయిన మాటను మాట కాదనడం న్యాయమేనా?

చీటీల సంచి:
ఆయన పిల్లల ముందు అనకుండా ఉండవలసింది, కానీ అన్నది నిజం. కాకెరమ్ పుస్తకంలో ఒక భాగమంతా మామూలు మాటలకు బదులు వాడుకోవడానికి గంభీరమైన మాటలను అందించేదే. ఎండ తగిలే చోటును చెప్పే ‘అప్రికస్’ అనే లాటిన్ పదానికి ఇంగ్లీషు తొడుగు వేస్తే వచ్చినదే మీ మాట. అందులోనే పశువుల కాపరిలా అరవడానికి ‘బబల్సిటేట్’ అనీ, ఎన్నడూ జుట్టు కత్తిరించుకోనివాడికి ‘ఏసర్సెకామిక్’ అనీ ఉన్నాయి. ఏ ఇంగ్లీషు కాపరి తన అరుపును ఆ పేరుతో పిలిచాడో చూపించండి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో ఇలాంటి మాటల పక్కన ‘నిఘంటువు’ అని గుర్తు పెట్టి, నిఘంటుకారుల పుస్తకాల్లో తప్ప వేరెక్కడైనా ఇవి ఉన్నాయో లేదో తనకు నమ్మకం లేదని పీఠికలో ఒప్పుకున్నాడు.

కాలువగట్టు:
తెలుగులో నీరెండ అని చక్కటి మాట ఉండగా దీనితో పనేమిటండీ?

తాటాకు:
నీరెండ వేరండీ. అది ఏ కాలంలోనైనా ఉదయం, సాయంత్రం కాసే లేత ఎండ. దానికి చలికాలమే కానక్కరలేదు.

చీటీల సంచి:
లాటిన్ మాటలోనూ చలికాలం లేదు. దానిని కాకెరమ్ ఎక్కడి నుంచి తెచ్చాడు? నాకు ముందు దీనికి జవాబు కావాలి.

బల్లరాత:
ఎక్కడి నుంచి తెచ్చినా, చలి దేశంలో ఉన్నవాడు ఆ వెచ్చదనాన్ని ఎరిగే తెచ్చి ఉంటాడు. అరువు తెచ్చుకున్న ప్రతి మాటనూ మొదట ఎవరో ఒకరు రాయవలసిందే కదా. కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. నిలవనంత మాత్రాన పుట్టనే లేదని అనకూడదు.

చీటీల సంచి:
అచ్చయితే చాలనుకుంటే ‘డోర్డ్’ కూడా మాటే అవుతుంది. 1934 నాటి వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువులో దానికి సాంద్రత అని అర్థం ఉంది. సాంద్రతకు సంక్షిప్త రూపం పెద్ద ‘డి’ గానీ చిన్న ‘డి’ గానీ అని ఇంగ్లీషులో ‘D or d’ అని రాసిన చీటీని ఎవరో ఒకే మాటగా చదవడం వల్ల అది పుట్టింది. 1939 దాకా ఎవరూ గమనించలేదు.

బల్లరాత:
అది పొరపాటు, ఇది ప్రయత్నం. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. మీకు పాత మాటల మీద ప్రేమ లేదు, తప్పు పట్టడం మీదే ఉంది.

చీటీల సంచి:
ప్రేమ లేదని మీరన్నారు కాబట్టి చెబుతున్నాను. మాది నేత ఇల్లు. తొమ్మిదో తరగతిలో వ్యాసంలో ‘మా అమ్మ ఆసు పోస్తుంది’ అని రాస్తే, నిఘంటువులో చూపించమని అయ్యవారు ఎర్ర సిరాతో కొట్టివేశారు. ఒక్క చీర నూలుకు ఆసు అనే చట్రం మీద వేలసార్లు చేయి ఆడించే మనిషి మాట చెల్లలేదు, పుస్తకంలో ఉన్నదల్లా చెల్లింది. సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్యాల్లోని మాటలకు పెద్దపీట వేసిందని గిడుగు రామమూర్తి వర్గం బాధపడింది ఇందుకే. భద్రిరాజు కృష్ణమూర్తి రైతుల నోటి నుంచి మాటలు సేకరించి 1962లో వ్యవసాయ పదకోశం తెచ్చారు. ఆ తరువాత వచ్చిన చేనేత సంపుటాన్ని చేతిలోకి తీసుకున్న రోజున మా అమ్మ గుర్తుకు వచ్చింది. మాట పుట్టేది నోట్లో. నిఘంటువు దానికి సాక్షి మాత్రమే.

బల్లరాత:
మీకు జరిగింది అన్యాయం. అయితే నా మాట కూడా వినండి. మా ఊళ్ళో ఇంగ్లీషు పలికే నోరు ఒక్కటీ లేదు. పాత పుస్తకాల బండి మీద కొన్న, అట్ట ఊడిన నిఘంటువు ఒక్కటే నాకు ఆ భాషను ఇచ్చింది. నోట పలికినవాళ్ళదే మాట అని మీరు తీర్పు చెబితే, ఆ భాషలో నాకూ నా పిల్లలకూ ఎప్పటికీ చోటు ఉండదు. మిమ్మల్ని బయట నిలబెట్టిన పుస్తకమే నన్ను లోపలికి రానిచ్చింది.

తాటాకు:
ఇన్ని జవాబుల తరువాత ఇప్పుడు అసలు సంగతి బయటపడింది.

చీటీల సంచి:
మీ నిఘంటువును నేను తీసివేయమనడం లేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1928లో పూర్తయ్యేదాకా వేలాది పాఠకులు తాము చదివిన వాక్యాలను చీటీల మీద రాసి పంపింది, ఏ మాట ఎక్కడ ఎప్పుడు వాడుకలో ఉందో తేల్చడానికే. కాబట్టి బోర్డు మీద ‘కాకెరమ్, 1623’ అని కూడా రాయండి. ఇంగ్లీషువాళ్ళు ఇలా అంటారని మాత్రం చెప్పవద్దు.

బల్లరాత:
పేరు, సంవత్సరం రేపే రాస్తాను. ఎవరూ అనరని మాత్రం చెప్పను. ఈ ఉదయం ప్రార్థన అయ్యాక ఎండలో నిలబడి మా తరగతి పిల్లలందరూ ఆ మాటే అన్నారు.

చీటీల సంచి:
వాళ్ళలో ఎవరైనా మీరు అడగకుండా సొంత వాక్యంలో దానిని వాడితే, ఆ వాక్యాన్ని తేదీతో సహా ఇక్కడ రాయండి. నేను చీటీ మీద ఎక్కించుకుంటాను.