స్విఫ్ట్‌కు అల్లాయ్ వీల్స్ వేస్తే పాత నట్లు సరిపోతాయా?

అన్నలూ, మాది అనంతపురం. మా స్విఫ్ట్‌కు ఇనుప డిస్కులు తీసేసి సెకండ్‌హ్యాండ్ అల్లాయ్ వీల్స్ వేయిస్తున్నా. స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) 12 ఎంఎం, మర పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) 1.25 ఎంఎం. షాపాయన పాత నట్లే చాలంటాడు గానీ నాకు మనసొప్పడం లేదు. అల్లాయ్ మందం కదా, నట్టు అయిదు చుట్లకే ఆగిపోతోంది. పైగా నట్టు మొన ఏటవాలు, రంధ్రంలో అది ఆనే చోటేమో గిన్నె అడుగులా గుండ్రం. సన్నటి గీతంత మేరే తగులుతోంది. పిల్లలతో గుత్తి మీదుగా కర్నూలుకు హైవేలో పోయే బండి ఇది.

గుండ్రటి మొన నట్లు ఇదే పిచ్‌లో ఇక్కడ గానీ కర్నూల్లో గానీ ఎక్కడ దొరుకుతాయి? 1.5 పిచ్‌వి ఎక్కిస్తే మర పోతుంది, అవి వద్దు. కనీసం ఎన్ని చుట్లు పట్టాలి? స్టెప్నీ ఇనుప డిస్కే, దానికోసం పాత నట్లు డిక్కీలో ఉంచుకోవాలా? వేసినవాళ్లు చెప్పండి.