మూడుసార్లు అడిగినా ఎవరూ పలకలేదు, ఎలా అడగాలి?

అమీర్‌పేట నుంచి కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎంఎస్‌కి టెక్సస్ వస్తున్నాను. ఇవాళ పొద్దున పది గంటలప్పుడు ఈ గ్రూపులో "రూమ్ కావాలి, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని పెట్టాను. ఎవరూ పలకకపోతే మళ్లీ రెండుసార్లు పెట్టాను. ఒకాయన మాత్రం "ముందు పాత మెసేజ్‌లు చదువుకో" అని కసిరారు. నేను అడిగినదాంట్లో తప్పేంటి? టెన్షన్‌గా ఉంది.

సైనిక్‌పురి అక్క, ఇర్వింగ్:
తమ్ముడూ, బాధపడకు. నీకు పొద్దున పది అయితే మాకిక్కడ రాత్రి పదకొండున్నర, పిల్లల్ని పడుకోబెట్టి అప్పుడే కన్ను మూస్తాం, ఫోన్ మూడుసార్లు మోగితే ఎవరికైనా చిరాకే. ఒకసారి రాసి ఒక రోజు ఆగు. అయినా "టెక్సస్‌లో రూమ్" అంటే ఎవరు ఏం చెప్పగలరు? డాలస్ నుంచి హ్యూస్టన్‌కి కారులో దాదాపు నాలుగు గంటలు.

నా సంగతి చెప్తాను విను. నేను వచ్చిన రెండో ఏడు అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తే, డిపాజిట్ నెల దాటినా రాలేదు. ఫోన్ చేస్తే కార్పెట్ పాడైంది, ఇంకా లెక్క చూస్తున్నాం అన్నారు. ఆ కోపంలో అర్ధరాత్రి కూర్చుని అన్నీ పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషులో గ్రూపులో పోశాను. లీజు కాగితం ఫోటో కూడా పెట్టాను, దాని మీద నా పేరు, ఫ్లాట్ నంబరు అన్నీ ఉన్నాయి. తెల్లారేసరికి పది జవాబులు. ఒకరు కోర్టుకెళ్లమన్నారు, ఒకరు అరవై రోజులు ఆగాలన్నారు, ఇద్దరు వాళ్లలో వాళ్లే కొట్లాడుకున్నారు. మూడో రోజు ఒక పెద్దాయన ఫోన్ చేసి ఒకటే అడిగారు: "అమ్మా, నీ కొత్త అడ్రస్ వాళ్లకి రాసి ఇచ్చావా?" ఇవ్వలేదు, నోటితో చెప్పానంతే. టెక్సస్‌లో ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, అందులో డబ్బు కోస్తే దేనికెంతో రాసివ్వాలి, కానీ మన కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చేదాకా వాళ్ల మీద ఆ బాధ్యత ఉండదు. సర్టిఫైడ్ మెయిల్‌లో, అంటే మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిదాంట్లో, అడ్రస్ పంపాను, చాలావరకు డబ్బు వచ్చింది. నా మెసేజ్‌లో ఊరు, ఖాళీ చేసిన తేదీ, వాళ్లకి ఏం ఇచ్చానో రాసి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. ఇక ఆ ఫోటో, ఇంకో నెలకి హైదరాబాద్‌లో మా పిన్ని వాళ్ల గ్రూపు నుంచి తిరిగి నాకే వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్ అన్న, హ్యూస్టన్:
అక్క చెప్పిన అర్ధరాత్రి కోపానికి ఎప్పుడో రూల్ ఉంది. ఇంటర్నెట్ మర్యాదల మీద 1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రంలోనే రాశారు, కోపంగా ఉంటే రాత్రి గడిచాక పంపమని, పెద్ద అక్షరాలు అరిచినట్టు ఉంటాయని. ప్రశ్న అడిగినవాళ్లు వచ్చిన జవాబుల సారాంశం చివర్లో పెట్టాలని కూడా ఉంది, ఇప్పుడు దాన్ని పాటించేవాళ్లు ఎంతమంది? రూమ్ దొరికాక మాయమైపోతారు. ఇంకొకటి, తెలుగులో రాయాలనుకుంటే తెలుగు లిపిలోనే రాయి. యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చా గ్రూపుల రోజుల్లో మాకు కంప్యూటర్‌లో తెలుగు లిపి లేక ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నాం, మీకు ఫోన్‌లోనే తెలుగు లిపికి యూనికోడ్ ఉంది కదా.

మెహదీపట్నం, ఆస్టిన్:
అన్నా, ఇప్పుడు లిపి గొడవ ఎందుకు? పిల్లవాడు రూమ్ అడుగుతున్నాడు. తమ్మీ, ఏ అక్షరాల్లో రాసినా సరే, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం ఫోటో మాత్రం ఎవరు అడిగినా గ్రూపులో పెట్టకు, దాని మీద నీ పుట్టినతేదీ, అమెరికా ప్రభుత్వ రికార్డుల్లో నీకుండే సెవిస్ నంబరు రెండూ ఉంటాయి. రూమ్ చూడకుండా, లీజులో ఉన్నది ఎవరో తెలియకుండా డబ్బు పంపకు. అక్కడి నుంచి చూడలేకపోతే ఇక్కడ ఉన్న సీనియర్‌ని వెళ్లి వీడియో కాల్ చేయమను.

దిల్‌సుఖ్‌నగర్ అన్న, హ్యూస్టన్:
లిపి గొడవ కాదు తమ్ముడూ. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, రేపు వెతికితే దొరకదు. పాతవి చదవమని కసిరినాయన చెప్పింది కూడా అదే కదా.

సైనిక్‌పురి అక్క, ఇర్వింగ్:
వెతకమనడం సరే, పాతవన్నీ నమ్మమంటే మాత్రం నేను ఒప్పుకోను. అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకి మారింది. అంతకుముందు రాసిన మెసేజ్ చూసుకుని బయల్దేరితే పొద్దున్నే ఆటోలో బేగంపేటలో దిగుతారు. చదివి, తేదీ చూసి, "ఫలానా మెసేజ్ చదివాను, ఇప్పటికీ ఇంతేనా" అని అడిగితే మేమే సంతోషంగా చెప్తాం. కసరాల్సిన పనేం లేదు.

తమ్ముడూ, ఇంత రాశాం కానీ నీ యూనివర్సిటీ ఏ ఊళ్లోనో ఇంకా చెప్పలేదు. అది, దిగే తేదీ, నెలకి ఎంత పెట్టగలవు, వంట చేసుకుంటావా, కారు లేకుండా బస్సు మీదే తిరుగుతావా, ఈ అయిదూ రాయి. డాలస్ వైపు అయితే మా వీధిలో ఇద్దరు పిల్లలు మూడోవాడి కోసం చూస్తున్నారు, పొద్దున వాళ్లని అడుగుతాను.