66 రోజులైనా డేట్ రాలేదు, ఇంకా ఆగాలా డాక్టర్ దగ్గరకి వెళ్ళాలా?

హాస్టల్_అమ్మాయి:
అక్కలూ కొంచెం చెప్పండి. నాకు 23, పెళ్ళి కాలేదు. మాది తణుకు దగ్గర, జాబ్ కోసం హైదరాబాద్ వచ్చి ఏడాదైంది, నైట్ షిఫ్ట్. ఇదివరకు 30, 32 రోజులకి ఠంచనుగా వచ్చేసేది. ఫిబ్రవరిలో మా అక్క పెళ్ళికి డేట్ అడ్డం పడుతుందని పిన్ని మెడికల్ షాప్‌లో టాబ్లెట్లు తెప్పించి ఇచ్చింది, ఐదు రోజులు వేసుకున్నా, ఆపిన మూడో రోజుకి వచ్చేసింది. ఆ తర్వాత నుంచే గడబిడ, ఒకసారి 47 రోజులకి, ఇంకోసారి 58 రోజులకి, ఇప్పుడు 66 రోజులైనా లేదు. ఏడాదిలో 9 కేజీలు పెరిగా, గడ్డం కింద నాలుగైదు గట్టి వెంట్రుకలు కూడా వస్తున్నాయి. అమ్మేమో బొప్పాయి తిను, నువ్వులుండలు తిను, ఆ వేడికి అదే వస్తుంది, పెళ్ళికాని పిల్లవి గైనిక్ దగ్గర కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు అంటోంది. నాకేమో లోపల చెక్ చేస్తారేమో అని భయం. ఆ టాబ్లెట్ల వల్లే ఇలా అయ్యిందా?

ఓపీ_నర్సు:
అమ్మా, నేను గవర్నమెంట్ హాస్పిటల్ గైనిక్ ఓపీలో 11 ఏళ్ళుగా చేస్తున్నా. ముందు ఆ టాబ్లెట్ సంగతి. ఐదు రోజులు వేసుకున్నది ఆరు నెలల తర్వాత కూడా డేట్ ఆపదు, ఆపగానే వచ్చేసింది అంటున్నావు కదా, దాని పని అక్కడితో అయిపోయింది. పెళ్ళనీ వ్రతమనీ డాక్టర్‌ని అడక్కుండా అవి కొనుక్కోవడం మాత్రం ఇంకెప్పుడూ చెయ్యకు, రక్తం గడ్డకట్టే సమస్య, లివర్ సమస్య ఉన్నవాళ్ళకి అవి ప్రమాదం.

పెద్దవాళ్ళలో 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. పెద్దమనిషై రెండు మూడేళ్ళు కాని పిల్లలకి 45 రోజులదాకా పట్టొచ్చు. జ్వరం వచ్చినా, పరీక్షల టెన్షన్ ఉన్నా ఒకసారి అటూఇటూ అవుతుంది, దానికి కంగారక్కర్లేదు. మామూలుగా మూడు నెలలు రాకపోతే తప్పకుండా రావాలి అని చెప్తాం కానీ నీకు వరసగా మూడోసారి 35 దాటింది, బరువు పెరిగింది, వెంట్రుకలు వస్తున్నాయి, నువ్వు 90 రోజులు లెక్కపెడుతూ కూర్చోకు, ఈ వారమే వెళ్ళు.

ఎందుకంటున్నానంటే అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారవదు, గర్భసంచి లోపలి పొర ఊడి బయటికి రాకుండా మందంగా పెరుగుతూనే ఉంటుంది. ఒకరోజు ఒక్కసారిగా విపరీతంగా బ్లీడింగ్ అయిపోతుంది. ఏళ్ళ తరబడి అలాగే వదిలేస్తే ఆ పొరలో చెడు మార్పులు కూడా రావచ్చు. బొప్పాయి తింటే తప్పులేదు, మంచి పండే, కానీ దాంతో అండం విడుదల కాదు.

అక్కడ ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ అంటారు, డేట్ తప్పిన అందరికీ చేసేదే, మనసు నొచ్చుకోకు. తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్, షుగర్, హిమోగ్లోబిన్, స్కానింగ్. స్కానింగ్‌లో అండాశయాల్లో నీటిబుడగలు కనపడ్డంత మాత్రాన పీసీఓడీ, అంటే అండం సరిగ్గా విడుదల కాని హార్మోన్ సమస్య, అనేయరు. డేట్లు తప్పడం, మగ హార్మోన్ ఎక్కువ కావడం, స్కానింగ్‌లో కనపడడం, ఈ మూడింట్లో రెండైనా ఉండాలి, థైరాయిడ్ లాంటి వేరే కారణం లేదని కూడా చూసుకోవాలి.

ఇంకోటి, ఎప్పుడైనా గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అర్ధరాత్రైనా క్యాజువాలిటీకి వెళ్ళిపోవాలి.

కరీంనగర్_అక్క:
చెల్లే, నాది గూడ గిదే కథ. మూడు నెలలు రాకపోతే మెడికల్ షాపుకు పోయి గోలీలు తెచ్చుకొని వేసుకునేదాన్ని, వచ్చేది, మల్ల ఆగేది, గట్ల రెండేండ్లు నడిపిన. ఆఖరికి డాక్టరమ్మ దగ్గరికి పోతే థైరాయిడ్ గూడ ఉందని తేలింది. రెండేండ్లు ఉత్తగనే పోయినయి. నువ్వు భయపడేది స్కానింగ్ గురించైతే, పెండ్లి కాలేదని ముందే చెప్పు, పొట్ట మీద చల్లగ జెల్ రాసి పైనుంచే చూస్తరు, నొప్పేం ఉండదు. నేను థైరాయిడ్ గోలీ వేసుకుంట, రాత్రి అన్నం తగ్గించి, దినాం 40 నిమిషాలు నడిచి, 72 కిలోల నుంచి 67కు వచ్చేసరికి డేట్లు సక్కగైనయి. పీసీఓడీ ఉంటే పిల్లలు కారు అంటరు జనం, నా బిడ్డకు ఇప్పుడు నాలుగేండ్లు.

గుంటూరు_కోడలు:
మధ్యలో వస్తున్నందుకు సారీ, మా అమ్మ సంగతి చెప్పాలనిపించింది. ఆవిడకి 44, ఒకసారి 20 రోజులకే, ఒకసారి 50 రోజులకి, వస్తే పది రోజులు, గడ్డలు గడ్డలుగా. ఈ వయసులో అందరికీ ఇంతే అని ఊరుకుంది. మంచం దిగి గుమ్మం దాకా వచ్చేసరికి ఆయాసపడి గోడ పట్టుకుంది, అప్పుడు టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 6.8. మొదట వెళ్ళిన చోట ఆ రోజే గర్భసంచి తీయించేయండి అన్నారు. మన రెండు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో కూడా ఉంది, అందుకే నేను పట్టుబట్టి ఇంకో డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళా. ఆవిడ లోపలి పొర ముక్క తీసి టెస్ట్‌కి పంపింది, ఏం లేదని వచ్చింది, రక్తం ఎక్కించి ఐరన్ ఇచ్చి హార్మోన్ ఉన్న లూప్ వేసింది. ఇప్పుడు బాగుంది. నిజంగా అవసరమైనవాళ్ళకి ఆపరేషనే కరెక్ట్, నేను వద్దనట్లేదు, కానీ ముందు కారణం తెలియాలి కదా. మెనోపాజ్ వచ్చి ఏడాది దాటాక మళ్ళీ ఒక్క చుక్క కనపడినా మాత్రం వెంటనే చూపించాలట, అది కూడా ఆవిడే చెప్పింది.

హాస్టల్_అమ్మాయి:
ఇవన్నీ అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించా. గుంటూరు అక్క వాళ్ళ అమ్మగారి సంగతి విన్నాక తనకి కూడా పోయినేడు నుంచి అలాగే అవుతోందని ఇప్పుడు చెప్పింది, నాతో ఎప్పుడూ అనలేదు. శనివారం బస్సెక్కి వస్తోంది, ఇద్దరం చూపించుకుంటాం. జనవరి నుంచి డేట్లన్నీ ఫోన్ క్యాలెండర్‌లో వెతికి పేపర్ మీద రాసుకున్నా, అది చాలా?

ఓపీ_నర్సు:
చాలు. ఎన్ని రోజులయ్యింది, రోజుకి ఎన్ని ప్యాడ్లు, అది కూడా పక్కన రాయి, అమ్మవి కూడా రాయి. పెద్ద నీళ్ళ బాటిల్ పట్టుకెళ్ళండి, స్కానింగ్‌కి పిలిచేదాకా బాత్‌రూమ్‌కి వెళ్ళకుండా ఆగాలి.