ఎన్నూరు మడచెట్లకు పట్టిన చమురును మనమే కడగవచ్చునా?

ప్రశ్న – తిరువొత్తియూరు నివాసి:
2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో పాటు చమురు శుద్ధి కర్మాగారం ఉన్న మణలి వైపు నుంచి కొట్టుకొచ్చిన చమురు చెన్నై దగ్గరి ఎన్నూరు క్రీక్‌లో (సముద్రపు పాయలో) పడవలకూ వలలకూ మడచెట్లకూ ఎలా పట్టిందో ఇక్కడి తెలుగువారికి తెలుసు. మళ్ళీ అలాంటిది జరిగితే, మా కాలనీ యువకులు బురదలోకి దిగి వేర్లను సబ్బునీటితో కడగవచ్చునా?

జవాబు – తీర జీవశాస్త్ర అధ్యాపకురాలు:
దయచేసి దిగనివ్వకండి. బురదలోంచి నిటారుగా పైకి వచ్చే వేర్ల మీది సన్నని రంధ్రాల ద్వారానే మడచెట్టుకు గాలి అందుతుంది కనుక, చమురు వాటిని మూసివేస్తే చెట్టు ఆకులు రాల్చి మెల్లగా ఎండిపోతుంది. మీ ఆత్రుత నాకు అర్థమవుతోంది. అయితే మనుషులు తొక్కినప్పుడు పైనున్న చమురు బురద లోపలికి దిగి, గాలి తగలని పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. సబ్బు దానిని నీటిలో కలిపి చేపపిల్లలకూ రొయ్యలకూ అందిస్తుంది. పడవలోనే ఉండి ఉప్పునీటిని తక్కువ ఒత్తిడితో చల్లి, తేలివచ్చిన చమురును పీల్చే బూమ్‌లతో (నీటిపై తేలుతూ చమురును అడ్డుకునే పొడవాటి గొట్టాల వంటి వాటితో) చుట్టి తీయడం మేలు. 1989 ఎక్సాన్ వాల్డెజ్ చమురు ఓడ ప్రమాదం తరువాత అలాస్కా తీరాన్ని వేడినీటితో బలంగా కడిగినచోట, చమురును తట్టుకున్న జీవులు సైతం చనిపోయాయి.

జవాబు – ఎన్నూరు వాసి:
2017 జనవరిలో కామరాజర్ ఓడరేవు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నప్పుడు, చిక్కటి చమురును బకెట్లతో ఎత్తవలసి వచ్చింది. చేతులకు తొడుగులు లేకుండా ఎవరూ ముట్టుకోరాదు. ఇక మొక్కలు నాటడం తరువాతి మాట. ముందు మట్టిని పరీక్షించి, తమిళనాడులోని పిచ్చవరం మడ అడవుల్లో చేసినట్లు కాలువలు తవ్వి, పోటునీరు లోపలిదాకా వచ్చిపోయేలా చూడాలి.