హాట్‌లిస్ట్ మెయిల్ కింద "బిల్ ఎస్.1618" అని పెడితే స్పామ్ కాదా?

నైట్‌షిఫ్ట్‌గాడు:
అమీర్‌పేటలో బెంచ్ సేల్స్‌లో (ప్రాజెక్ట్ లేక ఖాళీగా ఉన్న కన్సల్టెంట్లకి యూఎస్‌లో ప్రాజెక్ట్ వెతికే పని) చేరి నాలుగు నెలలైంది. రోజూ రాత్రి యూఎస్ వెండర్లకి, అంటే స్టాఫింగ్ కంపెనీలకి, హాట్‌లిస్ట్ (అలా ఖాళీగా ఉన్నవాళ్ళ జాబితా) మాస్ మెయిల్ కొట్టడమే పని, ఒక్కోసారి పదిహేను వేల అడ్రస్‌లకి పోతుంది. ప్రతి మెయిల్ కింద "105వ యూఎస్ కాంగ్రెస్ ఆమోదించిన బిల్ ఎస్.1618 ప్రకారం దీన్ని స్పామ్ అనకూడదు" అని ఉంటుంది. నిన్న ఒకాయన "రిమూవ్ మీ" అని మూడోసారి పెట్టాడు, ఎఫ్‌టీసీకి (యూఎస్‌లో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ) కంప్లైంట్ ఇస్తానని కూడా రాశాడు. మా లీడ్‌ని అడిగితే ఫుటర్ ఉందిగా, లైట్ తీసుకో అన్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

డల్లాస్ బాబాయ్:
తమ్ముడూ, ఆ బిల్లు అసలు చట్టమే కాలేదు. 1998లో సెనేట్ దాటింది గానీ అక్కడితోనే ఆగిపోయింది. అప్పటినుంచి ఒకళ్ళ టెంప్లేట్ ఇంకొకళ్ళు కాపీ కొడుతూ ఇప్పటికీ దాన్ని మోస్తున్నారు, నాకూ రోజుకు పది వస్తాయి, ఆ లైన్ కనబడగానే డిలీట్ చేస్తా.

అసలు చట్టం కాన్-స్పామ్. 2003 డిసెంబర్‌లో బుష్ సంతకం పెట్టాడు, 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. విచిత్రం ఏంటంటే ముందుగా పర్మిషన్ తీసుకోవాలని అది అనదు, కాబట్టి నువ్వు పంపిన మొదటి మెయిల్ దానికదే తప్పు కాదు. కానీ వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపెయ్యాలి, మెయిల్లో నిజమైన పోస్టల్ అడ్రస్ ఉండాలి, సబ్జెక్ట్ మోసం చేసేలా ఉండకూడదు. ఎప్పుడూ మాట్లాడనివాళ్ళకి కూడా జవాబులా కనబడాలని సబ్జెక్ట్ ముందు "ఆర్‌ఈ:" తగిలించి పంపుతారు చూడు, అదీ మోసం కిందే లెక్క. కంపెనీలకి పంపే మెయిల్స్‌కి మినహాయింపేమీ లేదు. జరిమానా ఒక్కో మెయిల్‌కి 50 వేల డాలర్ల పైదాకా వెళ్ళొచ్చు.

పచ్చిమిర్చి:
హైదరాబాద్‌లో కూర్చున్నోడిని ఎవడొచ్చి పట్టుకుంటాడు బ్రో

డల్లాస్ బాబాయ్:
నిన్ను పట్టుకోరులే. మెయిల్ ఎవరి పేరు మీద పోతుందో ఆ యూఎస్ కంపెనీ మెడకి చుట్టుకుంటుంది, పంపే పని ఇంకొకరికి అప్పజెప్పాం అంటే కుదరదు. మెయిల్ అందుకున్నవాడు ఈ చట్టం కింద సొంతంగా కేసు వెయ్యలేడు, అది నిజమే. ఎఫ్‌టీసీ, రాష్ట్రాల అటార్నీ జనరల్స్, ఇంటర్నెట్ ప్రొవైడర్లు వెయ్యొచ్చు. అంతదాకా ఎందుకు, నలుగురు స్పామ్ బటన్ నొక్కితే మీ డొమైన్ బ్లాక్‌లిస్ట్‌లో పడి ఇంటర్వ్యూ మెయిల్స్ కూడా జంక్‌లోకి పోతాయి.

టొరంటో చెల్లి:
అన్నా, లిస్ట్‌లో కెనడా అడ్రస్‌లు ఉంటే అవి వేరే తీసి పెట్టుకోండి. ఇక్కడ 2014 జూలై నుంచి పద్ధతి పూర్తిగా రివర్స్, ముందు ఒప్పుకోలు ఉంటేనే పంపాలి. కంపెనీకైతే జరిమానా కోటి డాలర్ల దాకా ఉంది.

పచ్చిమిర్చి:
మరి మన దేశంలో?

టొరంటో చెల్లి:
టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 రూల్స్ కాల్స్‌కీ ఎస్సెమ్మెస్‌లకీ ఉన్నాయి, 1909కి కంప్లైంట్ చెయ్యొచ్చు. ఈమెయిల్ స్పామ్‌కంటూ విడిగా చట్టం లేదు. ఐటీ చట్టంలో 66ఏ ఉండేది, విసిగించే మెయిల్స్ మాట అందులో ఉంది, కానీ మొత్తం సెక్షన్‌నే 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

నైట్‌షిఫ్ట్‌గాడు:
థాంక్స్ అందరికీ. ఆయన్ని తీసేశాను. తీస్తుంటే తెలిసింది, "రిమూవ్" అని వచ్చిన మెయిల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి పోతున్నాయి, దాన్ని ఎవరూ తెరిచినట్టు లేదు. ఆరొందల పైన ఉన్నాయి. ఈ రాత్రికి ఇదే పని.