తెప్పలుగ చెరువు నిండిన: ఇంతకీ ఆ తెప్పలేమిటి?

రింగుసైడు:
రెండు రోజులుగా ఒక పద్యపాదం సగం గుర్తొచ్చి సగం రాక సతాయిస్తోంది. రెజ్లింగ్ (కుస్తీ) వీరుడు హల్క్ హోగన్ పాత మ్యాచులు వరసగా చూస్తున్నాను. 1996 జూలై 7, డేటోనా బీచ్. స్కాట్ హాల్, కెవిన్ నాష్ అనే రెజ్లర్లు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే కుస్తీ కంపెనీ వదిలి దాని పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూలోకి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. వాళ్ళకి ఎదురుగా డబ్ల్యూసీడబ్ల్యూ తరఫున స్టింగ్, లెక్స్ లూగర్, రాండీ సావేజ్. చివర్లో హోగన్ వచ్చాడు. తన వాళ్ళని కాపాడటానికే వచ్చాడని హాలంతా అరుస్తుంటే, వెళ్ళి సావేజ్ మీదే లెగ్ డ్రాప్ (ఎగిరి కాలితో మీద పడే దెబ్బ) వేశాడు. జనం చేతికందిన చెత్తంతా రింగులోకి విసిరారు. ఆ రోజు హోగన్, హాల్, నాష్‌లతో పుట్టిన ఎన్‌డబ్ల్యూఓ అనే ముఠాలోకి తర్వాత ఒకరి వెనక ఒకరు చేరిపోయారు. అది చూస్తుంటే సుమతీ శతకంలో చెరువు నిండే పద్యం మెదిలింది. "తెప్పలు పదివేలు" చేరతాయా, "కప్పలు పదివేలు" చేరతాయా?

కందపద్యం:
కప్పలే. తెప్పలు పై పాదంలో ఉన్నాయి.
ఎప్పుడు సంపద కలిగిన
నప్పుడు బంధువులు వత్తు రది యెట్లన్నన్
తెప్పలుగఁ జెఱువు నిండినఁ
గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ!

రింగుసైడు:
అదే, అదే! ధన్యవాదాలండీ. అయితే "తెప్పలుగ" అంటే ఏమిటి? ఇన్నాళ్ళూ ఆ మాట మీద నుంచి జారిపోయాను.

ఏటిగట్టు:
నిండుగా అని. ఏ టీకలో చూసినా అంతే ఉంటుంది.

పడవమాట:
టీకలో ఉందని ఊరుకోవడమేనా? తెప్ప అంటే దుంగలు కట్టి నీళ్ళ మీద నడిపేది. "తెప్పలుగ" అంటే తెప్పలు తేలేటంతగా అని. చెరువు ఎంత నిండిందో కొలిచి చూపించే మాట అది. ఉత్త "నిండుగా" అంటే ఆ బొమ్మ పోతుంది.

ఏటిగట్టు:
అలాగైతే "తెప్పలు తేలఁగ" అనాలి కదా. ఉన్నది "తెప్పలుగ". తెప్పలుగా నిండటమంటే చెరువే తెప్పలైపోవాలి. అన్వయం ఎక్కడ కుదిరింది?

కందపద్యం:
ఇద్దరూ ఛందస్సుని వదిలేశారు. కందంలో ప్రాస తప్పనిసరి, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి. ఎప్పు, అప్పు, కప్ప ముందే కుదిరాయి. మూడో పాదానికి "ప్ప" ఉన్న మాట కావాలి. కవి తెప్పని పట్టుకొచ్చాడు. అంతకు మించి తవ్వితే బురదే.

పడవమాట:
ఈ మాట మాత్రం ఒప్పుకోను. ప్రాస కోసం మాట రావచ్చు. వచ్చాక దానికి పని లేకపోతే ఆ పద్యం ఇన్ని వందల ఏళ్ళు జనం నోట నిలవదు. రింగుసైడు గారి ఉదాహరణే తీసుకోండి. హాల్, నాష్ అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు. హోగన్ కూడా 1993లో ఆ ఒడ్డు వదిలి 1994లో ఇటు చేరినవాడే. చెరువు నిండాకే తెప్ప కదులుతుంది. మోకాలి లోతు నీళ్ళలో ఎవరూ తెప్ప వెయ్యరు. బంధువులు రావడానికి దారి చూపిస్తున్న మాట అది!

ఏటిగట్టు:
బాగుంది, కానీ పద్యంలో తెప్పల మీద వచ్చేవాళ్ళు లేరు. వచ్చేవి కప్పలు. వాటికి తెప్పలెందుకు?

నిఘంటుప్రేమి:
ఒక్క మాట. "తెప్పదేలు", "తెప్పదోగు" అనే క్రియలు పాత కావ్యాల్లో ఉన్నాయి. సంతోషంలో తెప్పదేలాడంటే పూర్తిగా మునిగితేలాడని. అక్కడ దుంగలూ లేవు, ఒడ్డూ లేదు. ఉన్నది "పూర్తిగా" అన్న భావమే. "తెప్పలుగ" ఆ దారిలోదే. ఏటిగట్టు గారి వైపు నా ఓటు.

పడవమాట:
తెప్పదేలులో తేలడం ఉందండీ! మీరే నా పక్షానికి సాక్ష్యం తెచ్చారు.

రింగుసైడు:
నాకు ఇంకో అనుమానం. ఈ కథలో చెరువు ఎవరు? మొదట హోగనే అనుకున్నాను. కానీ ముఠాలోకి నాలుగోవాడిగా వచ్చిన టెడ్ డిబియాసీ మిలియన్ డాలర్ మ్యాన్‌గా పేరుపడ్డవాడు, ముఠాకి డబ్బు పెట్టేవాడన్నట్టు చూపించారు. "సంపద" అంటే అక్కడ అక్షరాలా సంపదే. ఇక సావేజ్ సంగతి. డేటోనాలో దెబ్బ తిన్నవాడే 1997 ఫిబ్రవరికల్లా ఎన్‌డబ్ల్యూఓలో చేరాడు. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పెద్ద పోటీ రెసిల్‌మేనియాలో హోగన్, సావేజ్ శత్రువులు, డబ్ల్యూసీడబ్ల్యూకి వచ్చాక మళ్ళీ స్నేహితులు, తర్వాత ఇది. అతన్ని కప్ప అనడానికి నాకు మనసొప్పటం లేదు.

అటవెలది:
కప్ప అంటే తిట్టు ఎందుకవుతుంది? కప్పలు ఎక్కడి నుంచో రావు. ఎండాకాలమంతా బురదలో దాక్కుని, నీళ్ళు రాగానే బయటపడతాయి. "చేరు" అన్న మాటని నేను అలాగే చదువుతాను. కొత్తగా వచ్చినవాళ్ళు కారు, అక్కడే ఉండి కనపడనివాళ్ళు. ఎన్‌డబ్ల్యూఓలో చేరిన జెయింట్ అనే రెజ్లర్ అప్పటికే డబ్ల్యూసీడబ్ల్యూలో ఉన్నవాడే కదా!
ఇక స్టింగ్ విషయానికి బద్దెన చాలడు, వేమన కావాలి. 1996 సెప్టెంబరులో ఎన్‌డబ్ల్యూఓ వాళ్ళు ఇంకొకడికి స్టింగ్ రంగులు పూసి లూగర్ మీదకి పంపారు. సొంత స్నేహితులే అసలువాణ్ణి అనుమానించారు. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు." ఇంతకన్నా ఏం చెప్పాలి? లూగర్ చూశాడు కానీ "చూడ చూడ" చూడలేదు. ఆ రెండో "చూడ"లోనే వేమన ఉన్నాడు.

కందపద్యం:
చాలా బాగా పట్టుకున్నారు. పైగా ఈ వేమన పద్యం ఆటవెలది, ఆ ఛందస్సుకి ప్రాస నియమం లేదు. అయినా ఉప్పు, కప్పురం పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. వేమనకి "ప్ప" అడక్కుండానే వచ్చింది, బద్దెన వెతుక్కోవాల్సి వచ్చింది. నేను పైన చెప్పింది ఇదే.

అటవెలది:
వెతుక్కున్నాడని మీకెలా తెలుసు? సుమతిలో ఇంకో కప్ప ఉంది, మరిచిపోయారా? తప్పులు వెదికేవాణ్ణి కొలవద్దంటూ "సర్పంబు పడగ నీడను గప్ప వసించిన విధంబు" అన్నాడు. కప్ప ఆయనకి ఇష్టమైన ప్రాణి. హోగన్ నీడలో ఉన్నవాళ్ళకి ఈ పద్యమే సరిపోతుంది. జెయింట్‌ని కొన్ని నెలలకే వెళ్ళగొట్టారు. 1998లో నాష్ విడిపోయి వుల్ఫ్‌ప్యాక్ అనే వేరు ముఠా పెట్టాడు.

నిఘంటుప్రేమి:
ఆ పద్యంలో మూడో పాదం "సర్పంబు" అని మొదలవుతుంది. మిగతా మూడింట్లో "ప్ప", ఇక్కడ "ర్ప". ప్రాస కోసం ఏ మాటైనా తెచ్చే కవి అయితే అక్కడ ఎందుకు సడలించాడు? కందపద్యం గారు దీనికి జవాబు చెప్పాలి.

కందపద్యం:
అది పాఠభేదం కావచ్చు. వేరే చర్చ పెట్టండి, వస్తాను.

రింగుసైడు:
పడగ నీడ మాట విన్నాక 2002 మార్చి 17 మళ్ళీ చూశాను. పాత కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కే తిరిగొచ్చిన హోగన్, టొరంటోలో రాక్ అనే రెజ్లర్ చేతిలో ఓడాడు. విలన్‌గా వచ్చినా జనం మొత్తం హోగన్ వైపే అరిచారు. తర్వాత అతని మీద పడ్డది హాల్, నాష్. ఆపింది అంతకుముందే అతన్ని ఓడించిన రాక్. నాకు గొంతు పట్టేసింది. ఎవరు పడగ, ఎవరు కప్ప అన్నది అక్కడ తారుమారైపోయింది.

పడవమాట:
హాల్, నాష్ మొదట ఎక్కడి నుంచి తెప్పెక్కి వచ్చారో అక్కడికే చేరారన్నమాట. తిరుగు ప్రయాణానికీ తెప్పే కావాలి.

ఏటిగట్టు:
"తెప్పలుగ" అండీ. తెప్ప కాదు. ఆ చివరి "గ" సంగతి మీరింకా చెప్పలేదు.