అప్‌డేట్: ఘానా మూలాలున్న ప్రముఖుల్లో ఎవరిని ఎంచుకున్నామంటే

ఘానా మూలాలున్న ప్రముఖుల్లో ఒకరి గురించి మా అమ్మాయి క్లాసులో మాట్లాడాలి, ఎవరైతే బాగుంటుందని పోయిన వారం అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

ఎక్కువమంది చెప్పిన పాల్ బోటెంగ్‌నే తీసుకుంది. 2002లో బ్రిటన్ క్యాబినెట్‌లో చేరిన తొలి నల్లజాతి మంత్రి ఆయన. అమ్మ స్కాట్లాండ్ ఆవిడ. నాన్న ఘానా తొలి అధ్యక్షుడు ఎన్‌క్రుమా ప్రభుత్వంలో మంత్రి. 1966 సైనిక తిరుగుబాటులో ఆయన్ని జైల్లో పెడితే, తల్లి పిల్లలతో ఇంగ్లండ్ చేరింది. ఇది చదివి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. నాకూ గుండె బరువెక్కింది.

అదే ఇంటిపేరున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లు, బోటెంగ్ అన్నదమ్ములనూ చివర్లో చేర్చింది. 2010 వరల్డ్ కప్‌లో జెరోమ్ జర్మనీకి, కెవిన్ ప్రిన్స్ ఘానాకి ఆడారు, ఎదురెదురుగా! రేపే క్లాసులో చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.